చిక్కులెక్కకు చేయూత

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున నున్న లింగంపల్లి స్టేషను, వాడి జంక్షనునుండి సికింద్రాబాదునకు 1874లో వేసిన ఇనుపదారిపై నున్నది. పార్లమెంటు చట్టముచే 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము దీనికి దాపుననే కలదు. గచ్చిబౌలిలో 1998లో నెలకొన్న అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థయు, గోపనపల్లిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారి కేంద్రమును ఇచ్చటికి కొద్ది మైళ్ళ దూరములోనివే. 2003లో స్థానిక రైళ్ళు నడువసాగిన తరువాత లింగంపల్లి వాటికి చివరి మజిలీ ఆయెను. ఉద్యోగులతోపాటు పుస్తకముల సంచులు మోయు పిల్లలును ఈ స్టేషనులో దిగుచుందురు.

ఇట్టి విద్యాలయములలో చేరిన పిల్లలకు మొదటి ఏడాది ఎదురగు కష్టము ఒకటి కలదు. భౌతిక శాస్త్రములోనో కలన గణితములోనో పది లెక్కలు ఇంటివద్ద చేసికొని రమ్మని అధ్యాపకుడు చెప్పును. నాలుగు లెక్కలు సాఫీగా నడచును. అయిదవదానివద్ద కలము ఆగిపోవును. సూత్రము తెలియును, పుస్తకము ఎదుటనే యుండును, కాని లెక్క కదలదు. అప్పుడు ఎవరిని అడుగవలెను? అడుగబడినవారు ఎంతవరకు చెప్పవలెను? జవాబు చెప్పిన మేలా, దారి చూపి ఊరకుండిన మేలా? పైకి చిన్నవిగా తోచు ఈ ప్రశ్నలకు మన నేలపై వేయేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రనే ఈ ప్రసంగములో స్థూలముగా మనవి చేయుదును.

లింగంపల్లి దాటి ఆ ఇనుపదారినే పడమటికి పోయిన వికారాబాదు, తాండూరు, సేడము దాటిన తరువాత మల్ఖేడు రోడ్డు అను చిన్న స్టేషను వచ్చును. ఆ మల్ఖేడే ప్రాచీన మాన్యఖేటము, రాష్ట్రకూటుల రాజధాని. తొమ్మిదవ శతాబ్దిలో అచ్చటినుండి అమోఘవర్షుడు రాజ్యమేలెను. ఆ రాజును స్తుతించుచు గ్రంథారంభము చేసిన జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడు. ఆయన సంస్కృతమున రచించిన ‘గణితసారసంగ్రహము’ ముఖ్యముగా లెక్కల పుస్తకము. విధి చెప్పి, వెంటనే దానిపై అభ్యాసములు ఇచ్చి, విద్యార్థిని సంబోధించి చేయుమనుట ఆ గ్రంథపు పద్ధతి. కొన్ని వస్తువులనుండి కొన్నిటిని ఎన్ని విధముల ఎన్నుకొనవచ్చునో తెలుపు సామాన్య సూత్రము అందు కలదు. నేటి ఇంటర్మీడియట్ విద్యార్థి సంయోగముల పేరిట నేర్చునది అదియే.

ఈ గ్రంథమును తెలుగుచేసినవాడు పావులూరి మల్లన. ఆయన నన్నయకు సమకాలికుడో, తరువాతి తరమువాడో అను చర్చ పండితులలో నున్నను, తెలుగున శాస్త్రగ్రంథములకు ఆయన రచన ఆదియని చెప్పుట పరిపాటి. మల్లన చేసిన పని కేవలము భాషాంతరీకరణము కాదు. మూలములో జైన సంప్రదాయమునకు చెందిన ఉదాహరణములున్నచోట ఆయన తన శ్రోతలకు చనవైన శైవ సంప్రదాయపు ఉదాహరణములు పెట్టెను. లెక్క అదియే, పరిసరములు మాత్రము విద్యార్థి ఎరిగినవి. చదువరి ఎరుగని లోకములో లెక్క పెట్టినచో అతడు లెక్కకంటె ముందు ఆ లోకముతో కుస్తీ పట్టవలసివచ్చును. ఈ సత్యమును మల్లన గుర్తెరిగెను.

చదరంగపు పలకమీది గింజల లెక్కను మన పెద్దలు పలువురు మల్లన పేరుతోనే తలచుకొందురు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు 64 గడులును రెట్టింపు చేయుచుపోయిన మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 అగును. ఇరువది అంకెల ఈ సంఖ్యను గుర్తుంచుకొనుట కష్టము. శరములు అనిన అయిదు, శశి అనిన ఒకటి అను సంకేతములతో దానిని పద్యములో పొదిగిరి. పుస్తకములు అరుదైన కాలమున పద్యమే విద్యార్థికి అండ. ఐనను ఇందులో ఒక మెలిక కలదు. పద్యము జవాబును ధారణలో నిలుపును, ఆ జవాబు ఎట్లు వచ్చెనో చెప్పదు. ఒక్కొక్క గడికి రెట్టింపగుచున్న వరుసలో అన్నిటి మొత్తము, తరువాతి గడిలో పెట్టవలసిన దానికంటె ఒకటి మాత్రమే తక్కువ యని ఎవరైన గురువు వ్రేలు మడచి చూపవలెను. ఒకటి, రెండు, నాలుగు కలిపిన ఏడు. తరువాతి గడిలోనిది ఎనిమిది. ఇంత చూపినచో పిల్లవాడు తక్కినది తానే చెప్పగలడు. కాబట్టి ఆదినుండియు మన చదువులో సాయము రెండు విధములుగ నుండెను. ఒకటి పద్యమిచ్చు జవాబు. రెండవది గురువు చూపు దారి.

పాశ్చాత్య గణితము విశ్వవిద్యాలయముల ద్వారా మన దేశమునకు వచ్చినప్పుడు ఈ రెండు విధములును వేరు వేషములతో కూడ వచ్చినవి. పందొమ్మిదవ శతాబ్దపు కేంబ్రిడ్జిలో ట్రైపాసు అను గణిత పరీక్షకు విద్యార్థులను తయారుచేయుట ప్రత్యేకమైన వృత్తిగా నుండెను. విలియం హాప్కిన్సు అను ప్రైవేటు గురువువద్ద స్టోక్సు, కెల్విను, మాక్సువెల్లు చదివిరి. 1854 పరీక్షలో మాక్సువెల్లునకు రెండవ స్థానమే దక్కినది. మొదటి స్థానము గెలిచిన ఎడ్వర్డు రౌతు అనంతరము తానే అంతటి శిక్షకుడై, ఏటేట ప్రథములను తయారుచేసిన వాడని పేరు పొందెను. విద్యుదయస్కాంత సమీకరణములను లోకమునకిచ్చినవాడు మాత్రము రెండవవాడు. దీనిచే శిక్షణ వ్యర్థమని చెప్పరాదు, ఇద్దరికిని గురువు ఒకడే గదా! ఇచ్చిన లెక్కను వేగముగా చేయుట ఒక నేర్పు; ఎవ్వరును ఇయ్యని లెక్కను తానై అడుగుట మరియొక నేర్పు. పరీక్ష మొదటిదానినే కొలువగలదు.

అట్టి ప్రైవేటు శిక్షకులలోనే జార్జి కారు అనునాతడొకడు. విద్యార్థులకు చెప్పిన పాఠములనుండి అయిదువేలకు దగ్గరగ సూత్రములను, సిద్ధాంతములను వరుసగా పేర్చి ఒక సంగ్రహము ప్రకటించెను. అందు నిరూపణములు బహు స్వల్పము. ఈ పుస్తకము 1903లో కుంభకోణములో పదునారేండ్ల శ్రీనివాస రామానుజన్ చేతబడినది. నిరూపణములు లేకపోవుటయే ఆ బాలునకు ఉపకారమైనది. ఒక్కొక్క సిద్ధాంతమును ప్రశ్నగా నెంచి, దారి తానే వేసికొనుచు పోయెను. అయితే ఇతర పాఠములలో కళాశాల పరీక్షలు తప్పి, ఉద్యోగములేక తిరుగుచున్న రామానుజన్‌కు ఒక తెలుగు జిల్లాలో ఆసరా దొరకినది. నెల్లూరు కలెక్టరు, స్వయముగా గణితాభిమాని యగు రామచంద్రరావు ఆయన నోటు పుస్తకములు చూచి, నెలనెల కొంత సొమ్మిచ్చి పోషించెను. అడుగంటిన జీవనమునకు అన్నము పెట్టుటయు లెక్కకు సాయమే. జవాబుల పట్టిక రామానుజన్‌ను మహా గణితజ్ఞుని చేసినదని, అది అందరకును అట్లే పనిచేయునని భ్రమింపరాదు. జవాబును ప్రశ్నగా మార్చుకొను శక్తి గలవానికే జవాబుల పుస్తకము గురువగును. మిగిలినవారికి అది ఎత్తివ్రాసికొను ప్రతి మాత్రమే.

ఇక మన హైదరాబాదునకు వత్తము. 1887లో ఏర్పడిన నిజాము కళాశాల మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై ఆంగ్లమున బోధించుచుండెను. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతము అచ్చటనే భౌతిక శాస్త్రములో పట్టము పొంది, 1928లో కలకత్తాలో రామనువద్ద పరిశోధనకు చేరెను. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, వేంకటరాయుడను గణితజ్ఞునితో కలసి, సమూహ సిద్ధాంతమును భౌతిక సమస్యలకు అన్వయించు గ్రంథము వ్రాసెను. భౌతిక శాస్త్రజ్ఞునకు గణితములో చిక్కు వచ్చినప్పుడు గణితజ్ఞుడు ప్రక్కన కూర్చుండుట ఎట్టి ఫలమిచ్చునో తెలుపుటకు ఆ గ్రంథము చక్కని నిదర్శనము. విశ్వవిద్యాలయపు ఆచార్యునకే తోడు కావలసివచ్చినప్పుడు మొదటి ఏడాది విద్యార్థి తోడు కోరుట చిన్నతనమెట్లగును?

నిజాము కళాశాలకు కొద్ది మైళ్ళలోనే 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వేరొక త్రోవ త్రొక్కినది. దేశభాషలో ఉన్నత విద్య నేర్పవలెనను సంకల్పముతో ఉర్దూను బోధనభాషగా చేసిరి. అందులకు ముందుగనే 1917లో దారుల్ తర్జుమా, అనగా అనువాద శాఖ, నెలకొల్పబడినది. గణితమును రియాజియాత్ అనిరి, భౌతిక శాస్త్రమును తబీయియాత్ అనిరి. అరబ్బీ, ఫారసీ ధాతువులనుండి వందలు వేలుగా సాంకేతిక పదములను కల్పించి పాఠ్యగ్రంథములు సిద్ధముచేసిరి. దేశభాషలో కలన గణితము చెప్పుట అసాధ్యమనువారికి ఉస్మానియా గట్టి సమాధానము. ఉర్దూలోనే పట్టము పొందిన రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికి పోయి, పిదప లైప్‌జిగ్‌లో హైజెన్‌బర్గువద్ద డాక్టరేటు సంపాదించి, తిరిగి ఉస్మానియాలోనే గణితాచార్యుడాయెను.

కాని దేశభాష యనగా ఎవరి భాష? నిజాము రాజ్యమున తెలుగు మాతృభాషగా గలవారు సగమునకు దగ్గరగ నుండిరి; ఉర్దూ మాటలాడువారు వారికంటె చాల తక్కువ. నల్లగొండనుండియో కరీంనగరమునుండియో వచ్చిన తెలుగు బాలునకు ఇంటిలో తెలుగు, తరగతిలో ఉర్దూ, గ్రంథాలయములోని పెద్ద పుస్తకములలో ఆంగ్లము. ఒక్క లెక్కను అర్థము చేసికొనుటకు మూడు వాకిళ్ళు దాటవలెను. ఈ లోటు తీర్చు యత్నములు ప్రభుత్వమునకు వెలుపల జరిగినవి. కొమర్రాజు లక్ష్మణరావు మొదలగువారి కృషితో 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టి చరిత్రతోపాటు ప్రకృతి శాస్త్రములను కూడ తెలుగున ప్రకటించినది. 1918లో రాజబహద్దూరు వేంకటరామారెడ్డి పూనికతో నెలకొన్న రెడ్డి హాస్టలు వంటి వసతి గృహములు పల్లెలనుండి వచ్చిన పిల్లలకు గూడు కల్పించినవి.

వసతి గృహము పాఠ్యప్రణాళికలో కానరాని పాఠశాల. రెండేండ్లు ముందు చదివినవాడు అచ్చట గురువగును. అతనిని ‘అన్నా’ అని పిలుతురు, ఆడుపిల్లల హాస్టళ్ళలో ‘అక్కా’ అని పిలుతురు. ఈ బోధనకు రుసుము లేదు, వేళ లేదు. చుట్టరికపు పిలుపే దానికి హక్కుపత్రము. తరగతిలో లేచి ప్రశ్న అడుగుటకు జంకు గల పిల్లవాడు అన్నవద్ద జంకడు. అన్నకును ఆ చిక్కు నిన్నమొన్నటిదే గనుక ఎచ్చట కాలు జారునో అతడెరుగును. మహా పండితుడు తాను తొలుత ఎచ్చట తడబడెనో మరచియుండవచ్చును.

1938లో వందేమాతర గీతము పాడిరను కారణమున ఉస్మానియా పరిధిలోని కళాశాలలనుండి, హాస్టళ్ళనుండి అనేక విద్యార్థులు బహిష్కృతులైరి. పలువురు నాగపురము చేరి చదువు కొనసాగించిరి. నిన్నటివరకు ఉర్దూలో నేర్చిన శాస్త్రమును వారు వేరొక భాషలో అందుకొనవలసివచ్చెను. ఆనాటి బహిష్కృతులలో పాములపర్తి వెంకట నరసింహారావు ఒకరు. ఆయన విజ్ఞానశాస్త్ర పట్టభద్రుడై, తరువాత న్యాయశాస్త్రము చదివెను. ఈ పేరు మన కథలో మరల వచ్చును.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారత యూనియనులో చేరిన తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానమున ఆంగ్లము బోధనభాష ఆయెను. 1952నుండి 1957వరకు భగవంతము అచ్చట ఉపాధ్యక్ష పదవి నిర్వహించెను. అనువాద శాఖ శ్రమించి కూర్చిన పదజాలము తరగతి గదులనుండి తొలగెను. ఒక తరము విద్యార్థులు ఒక భాషలో మొదలుపెట్టిన శాస్త్రమును ఇంకొక భాషలో ముగించిరి.

తెలుగు పిల్లలకు తెలుగులోనే ఉన్నత విద్య అను సంకల్పము 1968లో తెలుగు అకాడమి స్థాపనతో రూపుదాల్చినది. దాని మొదటి అధ్యక్షుడు, 1938 నాటి ఆ బహిష్కృత విద్యార్థియే. 1968నుండి 1974వరకు నరసింహారావు ఆ పదవిలో నుండెను. అకాడమి పుస్తకముల ద్వారా అవధి, ప్రమేయము, అవకలనము, సమాకలనము, త్వరణము, ద్రవ్యవేగము, సదిశ అను మాటలు లక్షలాది విద్యార్థుల నోళ్ళలో నానినవి. ‘ఈ సంస్కృత పదములు ఆంగ్లముకంటె సుళువా?’ అని విమర్శించినవారు లేకపోలేదు. ఆ విమర్శలో కొంత నిజము కలదు. అవకలజము అను మాట రైతుబిడ్డకు ఆంగ్లపు డెరివేటివు ఎంత క్రొత్తదో అంత క్రొత్తది; ఉర్దూ పదమును అంతియే. పేరు ఏ భాషదైనను, పేరు పెట్టుటతో వస్తువు తెలియదు. అయితే పేరు చుట్టునున్న వాక్యము తెలుగైనప్పుడు, ‘ఎందువలన’, ‘ఎట్లు’, ‘కాకున్న నేమగును’ అను ప్రశ్నలు పిల్లవాని నోట తడుముకొనక వచ్చును. అకాడమి చేసిన పెద్ద మేలు పదములలోకంటె ఆ వాక్యములలో నున్నదని నా తలంపు.

1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. దేశమునందు ఇట్టివానిలో ఇదియే మొదటిది. జి. రాంరెడ్డి తొలి ఉపాధ్యక్షుడు. 1991లో దీనికి డాక్టరు బి. ఆర్. అంబేద్కరు పేరు పెట్టిరి. తరగతికి రాలేని ఉద్యోగికి, గృహిణికి ఇంటివద్దనే పాఠము అందవలెనన్నచో పుస్తకమే మాటలాడవలెను. అందుచే దూరవిద్యా పాఠములను సంభాషణవలె వ్రాసి, నడుమ నడుమ ‘మీ ప్రగతిని సరిచూచుకొనుడు’ అనునట్లు ప్రశ్నలు పెట్టి, చివర జవాబులు చేర్చు పద్ధతి వచ్చినది. అయినను పుస్తకముతోనే సరిపోదని అధ్యయన కేంద్రములు తెరచి, సెలవు దినములలో సందేహములు తీర్చు ఏర్పాటు చేసిరి. ఎంత మంచి పుస్తకమైనను, ‘నీవు ఎచ్చట ఆగితివి?’ అని అడుగలేదు గదా!

రేడియోయు ఈ సేవలో పాలుపంచుకొన్నది. నిజాము ప్రభుత్వపు దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో చేరిన నాటనుండి శాస్త్ర ప్రసంగములు మాకు నిత్యకృత్యములు. రేడియోలో పనిచేయు మాబోటివారికి ఒక ఇబ్బంది కలదు. మేము నల్లబల్లపై గీత గీయలేము. వక్రరేఖకు స్పర్శరేఖ అనిన ఏమియో మాటలలోనే చెప్పవలెను. శ్రోత నొసలు ముడిచినను మాకు కనబడదు. కనుక లెక్కను రేడియోలో చెప్పునపుడు, ‘ఇచ్చట వినువారికి సందేహము వచ్చును’ అని ముందుగా ఊహించి, ఆ సందేహమును మేమే పలికి ముందుకు సాగవలెను. సాయము చేయువారందరకును ఈ అభ్యాసము మంచిదే. ఎదుటివాని చిక్కు ఏదో ఊహింపలేనివాడు ఎంత చెప్పినను తన లెక్క తాను చెప్పుకొనుటయే అగును.

ఒక ఉదాహరణము చెప్పుదును. లింగంపల్లి చేరవచ్చుచున్న రైలు సెకనుకు 20 మీటర్ల వేగముతో, అనగా గంటకు 72 కిలోమీటర్ల వేగముతో నున్నది. బ్రేకు వేయగా వేగము సమముగా తగ్గుచు 40 సెకన్లకు ఆగినది. బ్రేకు వేసిన తరువాత బండి ఎంత దూరము నడచినది? తొందరపడు విద్యార్థి 20ని 40తో హెచ్చవేసి 800 మీటర్లు అనును. పుస్తకము చివరనున్న జవాబు 400 మీటర్లు. ఇప్పుడు మూడు విధముల సాయము చేయవచ్చును. ‘జవాబు 400, వ్రాసికో’ అనవచ్చును. ‘సగటు వేగము తీసికొని హెచ్చవేయుము’ అని సూత్రము చెప్పవచ్చును. లేక, ‘ఆ నలుబది సెకన్లును బండి ఒకే వేగముతో పోయినదా?’ అని ఒక్క ప్రశ్న వేసి ఊరకుండవచ్చును.

మూడవ సాయము పొందిన పిల్లవాడు ఇట్లు ఆలోచించును. మొదటి సెకనులో బండి దాదాపు పూర్తి వేగముతో పోయినది, లెక్కకు 19.75 మీటర్లు. చివరి సెకనులో ఆగబోవుచున్నది, 0.25 మీటరు మాత్రమే. ఈ రెండును కలిపిన 20. రెండవ సెకనును చివరినుండి రెండవదానితో జతకలిపినను అదే 20. నలుబది సెకన్లకు ఇరువది జతలు, జతకు 20 మీటర్లు, వెరసి 400. ఇంతవరకు వచ్చిన వానిని, ‘వేగము సమముగా కాక మరియొక విధముగ తగ్గినచో ఈ జతలు కుదురునా?’ అని మరల అడిగితిమేని, కాలమును ఇంకను చిన్న ముక్కలుగా కోసి కూడవలెనని అతడే చెప్పును. అదియే సమాకలనము. న్యూటను, లైబ్నిజు పదునేడవ శతాబ్దిలో తీర్చిదిద్దిన శాస్త్రమునకు వాకిలి లింగంపల్లి ప్లాట్‌ఫారముమీదనే తెరచుకొన్నది! 400 అను అంకెను ఎత్తివ్రాసికొన్నవాడు ఆ వాకిలివరకు రాలేడు.

హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఆనుకొని పోవు రహదారికి ఆచార్య సి. ఆర్. రావు పేరు పెట్టిరి. ఆ ప్రాంగణమున ఆయన పేరిట గణిత, సంఖ్యాశాస్త్ర సంస్థయు కలదు. 1920లో తెలుగు కుటుంబమున పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, సంఖ్యాశాస్త్రములో ప్రపంచ ప్రఖ్యాతి నార్జించి, 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానము పొంది, ఆ ఏడే దివంగతుడైన మహనీయుడాయన. తన గ్రంథమొకటి తల్లి లక్ష్మీకాంతమ్మకు అంకితమిచ్చుచు, చిన్ననాట ఆమె ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకు తనను లేపి, చదువుకొనుటకు నూనెదీపము వెలిగించి పెట్టెడిదని ఆయన కృతజ్ఞతతో వ్రాసెను. ఆ తల్లి లెక్క చెప్పలేదు. లెక్క చేసికొనుటకు వెలుతురును, నిశ్శబ్దమును, వేళను సమకూర్చెను. చదువురాని తలిదండ్రులు సైతము చేయగల సాయమిది. మా పిల్లల చదువు మాకు తెలియదని దిగులుపడు ఇండ్లలో ఈ సంగతి చెప్పుకొనదగినది.

నేడు లింగంపల్లి పరిసరములలోని విద్యార్థికి సాయము కొదువ లేదు. ఐ.ఐ.టి.లును, బెంగుళూరు విజ్ఞాన సంస్థయు కలసి 2003లో ప్రారంభించిన పథకమువలన గొప్ప అధ్యాపకుల పాఠములు ఉచితముగా ఇంటికి వచ్చుచున్నవి. 1980ల దశకమున నల్లకుంటలో చుక్కా రామయ్య గణిత బోధనతో పేరు గాంచిన నాటినుండి నగరమున ప్రవేశ పరీక్షల శిక్షణ ఒక పెద్ద వ్యాపారముగా పెరిగినది. సంచార దూరవాణిలో ప్రశ్నను ఫొటో తీసి పంపిన, కృత్రిమ మేధ క్షణములో మెట్టు మెట్టుగా సాధన వ్రాసి యిచ్చుచున్నది. వీనిని తిట్టుటవలన ప్రయోజనము లేదు. వలదన్నను ఇవి యుండును, పేదవానికి ఇవి వరములు కూడ. దూరపు పల్లెలో అన్న లేని పిల్లకు, ట్యూషను సొమ్ము లేని పిల్లవానికి అర్ధరాత్రి వేళ సమాధానము దొరకుట సామాన్యమైన మేలు కాదు.

అయినను మల్లన కాలమునుండి వచ్చుచున్న ఆ పాత భేదము చెరిగిపోలేదు. ఎన్ని మెట్లు వ్రాసి చూపినను, ఆ మెట్లు ఎక్కవలసినది విద్యార్థి కాళ్ళే. ఇంటి లెక్కలు ఇచ్చుట అధ్యాపకునకు జవాబులు కావలసి కాదు, అవి ఆయనవద్దనే యున్నవి. విద్యార్థి ఒంటరిగా కొంతసేపు చిక్కుతో పెనుగులాడవలెనని ఆయన ఉద్దేశము. ఆ పెనుగులాటకు ముందే వచ్చిన సాయము, పొయ్యిమీది అన్నము ఉడుకక మునుపే దింపినట్లగును. పెనుగులాడి పెనుగులాడి, తనకు చేతగాదని పుస్తకము మూసిన తరువాత వచ్చినచో, అది మాడిన అన్నమునకు నీళ్ళు పోసినట్లగును. సరియైన అదనునెరిగి చేయి అందించుట పుస్తకమునకు, పద్యమునకు, యంత్రమునకు కష్టము. ప్రక్కనున్న మనిషికి కొంత సులభము.

ఇందులో పణముగా నున్నది మార్కులు మాత్రమే కాదు. తెలుగు మాధ్యమమున చదివి విశ్వవిద్యాలయమునకు వచ్చిన పిల్లలు మొదటి సెమిస్టరులో లెక్క రానందున కాక, అడుగుటకు నోరు రానందున వెనుకబడుట కలదు. ప్రశ్న ఆంగ్లములో నుండును, సందేహము తెలుగులో పుట్టును. నడుమ మౌనము నిలుచును. ఆ మౌనమును కొందరు అధ్యాపకులు తెలివిలేమిగా భావింతురు, కొందరు పిల్లలు తామే అట్లు నమ్ముదురు. ఉర్దూ తరగతిలో కూర్చున్న నాటి తెలుగు బాలుని కష్టమే ఇది; బోధనభాష మాత్రము మారినది. ఈ మౌనమును పోగొట్టుటకు పెద్ద ధనము అక్కరలేదు. వారమునకొక సాయంకాలము అధ్యాపకుడో, పై తరగతి విద్యార్థియో కూర్చుండి, ఏ భాషలోనైన అడుగవచ్చునని చెప్పి, ఎంత చిన్న ప్రశ్ననైనను నవ్వక వినిన చాలును.

కనుక ఈ మాటలు వినుచున్న విద్యార్థులకు నేను చేయు మనవి ఒక్కటి. సాయము కోరునపుడు ‘ఈ లెక్క రాలేదు’ అని ఊరకుండక, ‘ఇచ్చటివరకు వచ్చితిని, ఇచ్చట ఆగితిని’ అని మీరు చేసినంత కాగితముమీద చూపుడు. సగము సందేహము ఆ వ్రాతలోనే తీరును. ఇక అన్నలును, అక్కలును, అధ్యాపకులును అయినవారికి మనవి యేమనగా, ఆ కాగితము చూచిన పిదప మొదటి తప్పు ఎచ్చట దొరలెనో అచ్చటనే ఒక ప్రశ్న వేసి, కలము మరల పిల్లవాని చేతికే ఇండు. మాన్యఖేటమునుండి లింగంపల్లివరకు ఈ విద్య మనకు చేతినుండి చేతికే వచ్చినది. ముందుకును అట్లే పోవలెను.